మా సంఘంలో పస్కా భోజనం పెడదామంటున్నారు, యూదుల పండుగలు మనం ఎంతవరకు చేసుకోవచ్చు?

బొబ్బిలి_యూత్

అందరికీ వందనాలు. మాది బొబ్బిలి దగ్గర పల్లె, తాతల నాటి బాప్తిస్టు సంఘం. గుడ్ ఫ్రైడే ముందు రోజు రాత్రి మామూలుగా మా దగ్గర ప్రభువు బల్ల ఆరాధన జరుగుతుంది. ఈసారి దాని బదులు, ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి విడుదలైనందుకు గుర్తుగా యూదులు చేసుకునే పస్కా భోజనం పెడదామని యూత్‌లో కొందరు పట్టుబట్టారు. యూట్యూబ్‌లో చూసి పులియని రొట్టె, చేదు ఆకులు, ఉప్పునీళ్ళు, నాలుగు గిన్నెల ద్రాక్షరసం అంటూ లిస్టు రాసుకొచ్చారు. పొట్టేలు కొమ్ము బూర ఆన్‌లైన్‌లో తెప్పించేశారు కూడా. పాస్టర్ గారికి యూదులు ప్రార్థనలో కప్పుకునే కుచ్చుల శాలువా కొందామని చందాలు మొదలయ్యాయి.

పెద్దలు ససేమిరా అంటున్నారు. మళ్ళీ మోషే ధర్మశాస్త్రం కిందకి తీసుకుపోతారా అని సంఘ పెద్ద ఒకరు అందరి ముందే అడిగారు. మా నాయనమ్మ అయితే "ఏటి బాబూ, ఇప్పుడు మనం యూదులమైపోతామేటి?" అని నన్నే నిలదీసింది.

ఇంకో సంగతి కూడా ఉంది, నిజానికి నన్ను ఎక్కువ తొలిచేస్తున్నది అదే. పోయినేడు గుడ్ ఫ్రైడే రోజు, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనకి బయట నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఒకరు, యూదులే ప్రభువుని చంపారు, ఆ పాపానికే శాపం తగిలి దేశదేశాలు తిరిగారు అని మైకులో గట్టిగా చెప్పారు. ఆరాధన అయ్యాక సండే స్కూల్ పాప ఒకతె నా దగ్గరికొచ్చి "అన్నా, యేసు ప్రభువు కూడా యూదుడే కదా, మరియమ్మ, పేతురు అందరూ యూదులే కదా, మరి వాళ్ళకి కూడా శాపమా?" అని అడిగింది. ఆ పిల్లకి సరైన జవాబు ఇవ్వాలి. గురువారం రాత్రి యూదుల భోజనం చేసి శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళని తిట్టే ప్రసంగం వినడం ఎలా కుదురుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

రాజాం_బ్రదర్

వందనాలు బ్రదర్. సూటిగా చెప్తాను, మీ పెద్దల మాటలో విషయం ఉంది. గలతీ పత్రిక నాలుగో అధ్యాయం తీయండి, దినాలు, మాసాలు, ఉత్సవకాలాలు పట్టుకున్నారని పౌలు ఎంత బాధపడ్డాడో కనబడుతుంది. కొలొస్సయి 2:16, 17 చూస్తే పండుగ, అమావాస్య, విశ్రాంతి దినం ఇవన్నీ రాబోయేవాటి ఛాయ, నిజస్వరూపం క్రీస్తులో ఉంది. అపొస్తలుల కార్యాలు 15లో యెరూషలేములో కూర్చుని తేల్చింది కూడా ఇదే కదా, అన్యజనుల్లోంచి, అంటే యూదులు కానివాళ్ళలోంచి వచ్చిన మన మెడ మీద ఆ కాడి పెట్టొద్దని.

మావైపు ఒక సంఘంలో ముందు బూర ఊదారు. తర్వాత శనివారం ఆరాధనే అసలు ఆరాధన అన్నారు. ఆ తర్వాత యేసు అని పలకకూడదు, హీబ్రూ పేరే పలకాలి అన్నారు. చివరికి అన్నదమ్ములు ఒకరింటికి ఒకరు వెళ్ళడం మానేసి, సమాధుల తోటలో కూడా వేరు వేరుగా నిలబడుతున్నారు. అది చూసినవాడిని కాబట్టి నాకు భయం.

మీ గుడ్ ఫ్రైడే ప్రసంగం మాత్రం పూర్తిగా తప్పు. ప్రభువు సిలువ మీద తండ్రీ వీరిని క్షమించుము అని ప్రార్థించాక శపించడానికి మనమెవరం?

చీపురుపల్లి_సిస్టర్

రాజాం అన్నయ్య గారూ, మీ భయం అర్థమైంది గానీ, దానికోసం పిల్లలకి ఏమీ చూపించకుండా ఉండలేం. నిర్గమకాండం 12లోనే ఉంది, మీ పిల్లలు ఇదేమిటని అడిగినప్పుడు చెప్పండి అని. అడగాలంటే కళ్ళ ముందు ఏదో ఒకటి ఉండాలి కదా.

నేను సండే స్కూల్‌లో పాఠం ఎలా చెప్పానో రాస్తాను. పస్కా అని ఎక్కడా పేరు పెట్టలేదు. యూదులు పులియని రొట్టెకి ఒక కచ్చితమైన లెక్క పాటిస్తారు, పిండిలో నీళ్ళు పడిన క్షణం నుంచి 18 నిమిషాల్లోపు రొట్టె కాలిపోవాలి, ఆలస్యమైతే పిండి పులవడం మొదలైనట్టే. పిల్లలతో అదే చేయించాను. గోధుమపిండి, నీళ్ళు, ఇంకేమీ లేదు, ఉప్పు కూడా వేయలేదు. ఒకడు ఫోన్ పట్టుకుని టైము చూస్తూ అరుస్తున్నాడు, ఇద్దరు పిసుకుతున్నారు, ఇద్దరు ఒత్తుతున్నారు, ఇంకో పిల్ల ఫోర్కుతో చిల్లులు పొడుస్తోంది, నేను పెనం దగ్గర. కంగారులో సగం రొట్టెలు వంకరటింకర, ఒకటి మాడింది. అప్పుడు నిర్గమకాండం చదివాను, ఐగుప్తు నుంచి తరిమేస్తుంటే పిండి పులిసే దాకా ఆగలేక పిండి పిసికే తొట్లు మూటగట్టి భుజాన వేసుకుని బయల్దేరారని. ఆ వేళ పిల్లలు విన్నట్టు ఎప్పుడూ వినలేదు. ఆ పాఠంలో శాలువా లేదు, బూర లేదు. మనం యూదులం అని ఎవరూ నటించలేదు. బొబ్బిలి తమ్ముడూ, ఈ మాత్రం చేయడానికి మీ పెద్దలు అడ్డు చెప్పరనుకుంటా.

టెక్కలి_టీచర్

నేను రిటైర్డ్ హిస్టరీ టీచర్‌ని, కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపికగా చదవండి.

బాబూ, ముందు మీ యూత్‌కి ఒక విషయం చెప్పండి. వాళ్ళు యూట్యూబ్‌లో చూసిన భోజన క్రమం యేసు ప్రభువు శిష్యులతో కూర్చున్న రాత్రి జరిగినది జరిగినట్టు కాదు. ప్రభువు కాలంలో పస్కా అంటే యెరూషలేము వెళ్ళడం, ఆలయంలో గొర్రెపిల్లని వధించడం, రాత్రికి కుటుంబంతో తినడం. క్రీ.శ. 70లో రోమా సైన్యం ఆలయాన్ని కాల్చేసింది. ఆలయం లేకపోతే బలి లేదు, బలి లేకపోతే పస్కా ఎలా? ఆ ప్రశ్నతో యూదు బోధకులు తరాల తరబడి కుస్తీ పట్టి పండుగని ఇంట్లో బల్ల దగ్గరికి తెచ్చారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో (యూదు బోధకుల బోధల సంకలనం) నాలుగు గిన్నెలు, పిల్లలు అడిగే ప్రశ్నలు, చేదు కూరలు అన్నీ కనిపిస్తాయి. కొన్ని అలవాట్లు అంతకు ముందువే కావచ్చు, కానీ ఇప్పుడున్న రూపం ఆలయం పోయాక నిలబెట్టుకున్నది. గొర్రెపిల్ల మాంసానికి బదులు పళ్ళెంలో ఒక ఎముక పెడతారు, అంతే. అంటే అది ఒక జాతి తన గుడి పోగొట్టుకుని కూడా దేవుణ్ణి వదలని కథ. మనం ఒక రాత్రి తీసుకొచ్చి ప్రతి ముక్కకీ మన అర్థం అతికించి, వాళ్ళకి తెలియని రహస్యం మాకు తెలుసు అని చెప్తే, ఆ కథ సొంతదారులు ఆ గదిలో ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక రెండో సంగతి, మీకు మనసులో గుచ్చుకున్నది. అది చిన్న విషయం కాదు. 386లో అంతియొకయలో (శిష్యులు మొదటిసారి క్రైస్తవులు అనిపించుకున్న ఊరే) క్రిసోస్తొమ్ అనే గొప్ప ప్రసంగీకుడు వరుసగా యూదులకి వ్యతిరేకంగా ప్రసంగాలు చేశాడు. ఎందుకో తెలుసా? ఆయన సంఘంలో జనమే బూరల పండుగ వస్తుంటే చూడ్డానికి సమాజమందిరానికి (యూదుల ప్రార్థనా మందిరం) వెళ్తున్నారు, యూదులతో కలిసి ఉపవాసాలుంటున్నారు. రాజాం తమ్ముడికి ఉన్న భయమే ఆయనదీ. కానీ తన మందని ఆపడానికి ఆయన ఎంచుకున్న దారి యూదుల్ని అసహ్యంగా మాట్లాడడం, ఆ మాటల్ని తర్వాతి వాళ్ళు వందల ఏళ్ళు వాడుకున్నారు. అంతకు ముందే 325లో నైసియాలో కూడిన బిషప్పుల సభ ఈస్టర్ తేదీకి యూదుల లెక్క మీద ఆధారపడొద్దని తీర్మానించింది, ఆ సందర్భంలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి రాసిన ఉత్తరంలో యూదుల మీద ద్వేషం దాచుకోలేదు. 1543లో మార్టిన్ లూథర్ సమాజమందిరాలు తగలబెట్టమని, వాళ్ళ ఇళ్ళు కూల్చమని రాశాడు. విశ్వాసం వల్లే నీతి అని మనకి నేర్పిన చేయి అది, అందుకే చదువుతుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది. నాజీలు ఆ రాతల్ని బయటికి తీసి వాడుకున్నారు. అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ చర్చి 1994లో వాటిని బహిరంగంగా తోసిపుచ్చింది, మనవైపు లూథరన్ కుటుంబాలు కూడా ఉన్నాయి కాబట్టి ఇది చెప్తున్నా.

ప్రసంగం అంటే మాటలే కదా అనుకోవద్దు. ఐరోపాలో శతాబ్దాల పాటు శ్రమల వారం వస్తే యూదులు తలుపులు వేసుకునేవారు. క్రైస్తవ పిల్లల్ని చంపి రక్తం వాడతారని పస్కా చుట్టూ అబద్ధాలు పుట్టించారు. 1903లో అప్పటి రష్యా సామ్రాజ్యంలోని కిషినెవ్ పట్టణంలో అల్లర్లు మొదలైంది సరిగ్గా ఈస్టర్ ఆదివారం నాడు, 49 మంది యూదులు చనిపోయారు. గుళ్ళో పునరుత్థాన ఆరాధన చేసుకున్న ఊళ్ళోనే.

శాపం వల్ల చెదిరిపోయారు అన్న మాట చరిత్రలో కూడా నిలవదు. సిలువకి ముందే, వందల ఏళ్ళ ముందే, యూదులు బబులోనులో, ఐగుప్తులో ఉన్నారు. అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయంలో పెంతెకొస్తు నాడు యెరూషలేము వచ్చినవాళ్ళ జాబితా చదవండి, పార్తీయులు, మాదీయులు, ఐగుప్తు, రోమా అని అన్ని దేశాల పేర్లూ ఉన్నాయి. ఇక చంపింది ఎవరు అంటారా, సిలువ వేయడం రోమా శిక్ష, తీర్పు ఇచ్చింది రోమా అధికారి పిలాతు, మేకులు కొట్టింది రోమా సైనికులు. ఆలయ అధికారులు అప్పగించారు, నిజమే. అదే రోజు రొమ్ము కొట్టుకుని ఏడుస్తూ వెంట నడిచిన స్త్రీలు కూడా యెరూషలేము వాళ్ళే. లూకా 23 చదివించండి ఆ పాప చేత. ఆ తర్వాత రోమా 11. దేవుడు తన ప్రజలను విసర్జించాడా, అలాగనరాదు అని పౌలు మొదటి వచనంలోనే తేల్చేశాడు, 29లో దేవుడు తన పిలుపు విషయంలో పశ్చాత్తాపపడడు అన్నాడు. మనం అంటుకట్టిన అడవి ఒలీవ కొమ్మలం, వేరు మనల్ని మోస్తోంది, మనం వేరుని మోయడం లేదు.

బొబ్బిలి_యూత్

టీచరమ్మ గారూ, చాలా థాంక్స్ అండి, ఇది ప్రింట్ తీసి మా పాస్టర్ గారికి ఇచ్చాను. సిస్టర్ గారి రొట్టెల పాఠం మా యూత్ అమ్మాయిలకి బాగా నచ్చింది. ఇంకా రెండు సందేహాలు. పస్కా, ఈస్టర్ ఒక్కోసారి దగ్గరగా వస్తాయి, ఒక్కోసారి నెల తేడా వస్తోంది, ఎందుకు? ఇంకోటి, పస్కా వద్దంటే సరే, పర్ణశాలల పండుగ సంగతేంటి? గుంటూరు వైపు పెద్ద పెద్ద కూటాలు పెడుతున్నారు కదా, మనం చేస్తే తప్పా?

ఉద్దానం_కొబ్బరితోట

తేదీ సంగతి నేను చెప్తాను. యూదుల క్యాలెండర్ చంద్రుడి లెక్క, పస్కా ఎప్పుడూ పౌర్ణమి రోజుల్లోనే. చంద్రుడి సంవత్సరం పొట్టిది కాబట్టి పండుగ ఎండాకాలంలోకి, వానల్లోకి జారిపోకుండా మన పంచాంగంలో అధిక మాసం వచ్చినట్టే వాళ్ళకీ 19 ఏళ్ళలో 7 సార్లు ఒక నెల ఎక్కువ వస్తుంది. 2024లో అలా వచ్చింది, అందుకే మనం మార్చి 31న ఈస్టర్ చేసుకుంటే వాళ్ళ పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం మొదలైంది. 2026లో చూస్తే పస్కా ఏప్రిల్ 1 సాయంత్రం, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3. వాళ్ళకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి ఎప్పుడూ సాయంత్రం లెక్కే.

పర్ణశాలల పండుగ గురించి నాకు ఒక మాట చెప్పాలని ఉంది. లేవీయకాండం 23 తెలుగులో చదివితే మన ఊరి గట్టు మీద నిలబడినట్టే ఉంటుంది, దబ్బపండ్లు, ఈతమట్టలు, కాలువ పక్కన చెట్ల కొమ్మలు పట్టుకుని సంతోషించమని. యూదులు ఇప్పటికీ ఇంటి ముందో మేడ మీదో పాక వేసుకుని వారం పాటు అందులో భోంచేస్తారు, పైన కొమ్మలు పల్చగా పరుస్తారు, రాత్రి నక్షత్రాలు కనబడేలా. ఆ పండుగ వచ్చేది సెప్టెంబరు, అక్టోబరుల్లో, మనకి తుపానుల కాలంలో. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మా ఉద్దానంలో కొబ్బరిచెట్లు మొదలంటా పడిపోయాయి, జీడితోటలు నేలమట్టం, రేకులు ఎక్కడివక్కడ ఎగిరిపోయాయి. నీలం టార్పాలిన్ కింద పడుకున్న రోజుల్లో మా పాస్టర్ గారు ఇంకే ప్రసంగమూ చేయకుండా ఆ అధ్యాయం చివరి వచనాలు చదివారు, నేను ఐగుప్తు నుంచి రప్పించినప్పుడు ఇశ్రాయేలీయులను పర్ణశాలల్లో నివసింపజేశానని మీ తరాలు ఎరగాలి అని. చదివి కూర్చున్నారు. పక్కన మా పిన్ని, నలభై చెట్లు పోయిన మనిషి, ఆ రోజు మొదటిసారి ఏడ్చింది. ఆ పండుగ మాకు అలా అందింది. దానికి మేం వేరే పేరు పెట్టుకోలేదు, పాక వేసి మేమే ఇశ్రాయేలు అని చెప్పుకోలేదు.

పెద్ద కూటాల సంగతి అడిగావు. సువార్తికుడు భక్త సింగ్ గారు 1941లో మద్రాసులో పరిశుద్ధ కూటాలు మొదలుపెట్టినప్పుడు ఇదే లేవీయకాండం 23 ఆధారం, జనం పందిళ్ళ కింద ఉండి కలిసి తిని కలిసి ఆరాధించేవారు. అది వాక్యం నుంచి నేర్చుకోవడం, యూదుల వేషం వేయడం కాదు. మీ బాప్తిస్టు సంఘంలో కోత పండుగ చేస్తారు కదా? వరి కంకుల కట్ట, గుమ్మడికాయలు, కోడిపెట్ట తెచ్చి బలిపీఠం ముందు పెట్టి తర్వాత వేలంపాట వేస్తారే, ప్రథమ ఫలాల మాట మనకి మన తాతల దగ్గర్నుంచే వచ్చింది. దాన్ని బాగా చేయండి, ఆ రోజు ఇది ఎవరి పండుగల నుంచి వచ్చిందో పిల్లలకి చెప్పండి.

శ్రీకాకుళం_ఆర్‌సీఎం

నేను కతోలికుణ్ణి, అయినా చెప్పొచ్చనుకుంటున్నా. మా దగ్గర కూడా ఒకప్పుడు గుడ్ ఫ్రైడే ప్రార్థనలో యూదుల్ని విశ్వాసం లేనివాళ్ళని పిలిచేవారు, 23వ యోహాను పోపుగారు 1959లో ఆ మాట తీయించేశారు. 1965 అక్టోబరు 28న మా బిషప్పుల రెండో వాటికన్ మహాసభ ప్రకటన ఒకటి వచ్చింది, క్రీస్తు మరణానికి అప్పటి యూదులందరినీ గానీ ఇప్పటి యూదుల్ని గానీ నిందించకూడదని, వాళ్ళు శాపగ్రస్తులన్నట్టు బోధించకూడదని స్పష్టంగా ఉంది. ఇప్పుడు గుడ్ ఫ్రైడే నాడు మేం దేవుని వాక్కు మొదట విన్న ప్రజల కోసం అని వాళ్ళ కోసం ప్రార్థిస్తాం. మీ ప్రసంగీకుడికి ఎవరైనా పెద్దవాళ్ళు నెమ్మదిగా చెప్పాలి, స్టేజి మీద కాదు, విడిగా.

ఇంకో మాట. యూదుల్ని గౌరవించడం అంటే ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసే ప్రతి పనికీ చర్చిలో జెండా ఊపడం కాదు. బేత్లెహేములో అరబ్బీలో ప్రార్థన చేసే క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళూ మన సహోదరులే. ఇక యూదులంటే ఎక్కడో ఉన్నవాళ్ళే అనుకోనక్కర్లేదు, కొచ్చిలో 1568లో కట్టిన సమాజమందిరం ఇప్పటికీ నిలబడి ఉంది, మన రాష్ట్రంలోనే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ (ఎఫ్రాయిము సంతతి) అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం పాటిస్తున్నాయి. రేపు వాళ్ళలో ఒకరు మీ గుళ్ళో వెనక బెంచీ మీద కూర్చుంటే ఏం మాట్లాడతామో ఆ మాటలే మైకులో మాట్లాడాలి.

రాజాం_బ్రదర్

టీచరమ్మ గారు క్రిసోస్తొమ్ గురించి రాసింది నన్ను ఆలోచనలో పడేసింది. ధర్మశాస్త్రం కిందకి వెళ్ళకూడదన్న మాట మీద నేను ఇప్పటికీ గట్టిగానే ఉన్నాను. కానీ ఆ మాట చెప్పడానికి యూదుల్ని తక్కువ చేయాల్సిన పని లేదు, దత్తపుత్రత్వం, నిబంధనలు, వాగ్దానాలు వాళ్ళవి అని రోమా 9లో పౌలే రాశాడు. బ్రదర్, శాలువా చందా మాత్రం ఆపించండి. ఆ కుచ్చులు సంఖ్యాకాండం 15లో ఇశ్రాయేలీయులకి ఇచ్చిన ఆజ్ఞ, మనకి అలంకారం కాదు.

బొబ్బిలి_యూత్

చందా డబ్బు తిరిగి ఇచ్చేస్తున్నాం అన్నయ్య గారూ. పాస్టర్ గారు పెద్దల్ని, యూత్‌ని కూర్చోబెట్టి మాట్లాడారు. గురువారం ప్రభువు బల్ల యథాప్రకారం జరుగుతుంది. అంతకు ముందు ఆదివారం సిస్టర్ గారు చెప్పినట్టు సండే స్కూల్‌లో రొట్టెల పాఠం. గుడ్ ఫ్రైడేకి ఈసారి బయటివాళ్ళని పిలవకుండా సంఘంలోని ఏడుగురికే ఏడు మాటలు ఇచ్చారు, మొదటి మాట నాకు వచ్చింది. టీచరమ్మ గారూ, గురువారం రాత్రి యూదుల పస్కాకి సంబంధించినదే, మనం కూడా నిజాయితీగా చేయగలిగినది ఏదైనా ఉందా అని పాస్టర్ గారు అడగమన్నారు.

టెక్కలి_టీచర్

ఉంది బాబూ, కీర్తనలు. మత్తయి 26:30లో వాళ్ళు కీర్తన పాడి ఒలీవల కొండకి వెళ్ళారు అని ఉంది కదా. యూదులు పస్కా రాత్రి పాడేవి 113 నుంచి 118 దాకా కీర్తనలు, 113, 114 భోజనానికి ముందు, 115 నుంచి 118 భోజనం తర్వాత. ప్రభువు ఆ రాత్రి పాడింది ఇవేనని చాలామంది పండితుల అభిప్రాయం. అవి వాళ్ళ కీర్తనలు, మన బైబిల్లో కూడా ఉన్నవే. బల్లకి ముందు రెండు, బల్ల తర్వాత మిగతావి చదివించండి. 114 పిల్లల చేత చదివించండి, ఐగుప్తు నుంచి బయల్దేరిన కీర్తన, ఎనిమిదే వచనాలు. 116 ఎవరైనా పెద్దవాళ్ళకి ఇవ్వండి, మీ నాయనమ్మకి చూపు ఆనితే ఆవిడకే ఇవ్వండి. 118 సంఘమంతా నిలబడి, ఆయన కృప నిరంతరముండును అన్న చోట అందరూ కలిసి చెప్పాలి. ఇల్లు కట్టేవారు నిషేధించిన రాయి అన్న వచనం అందులోదే, గెత్సేమనేకి నడిచే ముందు ప్రభువు ఆ మాట పాడి ఉంటాడని ముందుగా ఒక వాక్యం చెప్తే చాలు, మళ్ళీ ప్రసంగం పెట్టొద్దు. 117 రెండే వచనాలు, సమస్త అన్యజనులారా యెహోవాను స్తుతించుడి అని మనల్నే పిలుస్తుంది, దాన్ని మీ యూత్ పాడొచ్చు.